బేకన్ మీద ముదురుపాకం

పల్లీ పట్టీ చేసేటప్పుడు పాకం కుదిరిందో లేదో ఎలా చూస్తారు? పళ్ళెంలో చన్నీళ్ళు పోసి ఒక చుక్క వేస్తారు. అది గట్టిపడి, విసిరితే టంగుమంటే చాలు, పట్టీ కరకరలాడుతుంది. అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో ముద్దుగా ‘పిగ్ క్యాండీ’ అని పిలుచుకునే తీపి కారపు బేకన్‌ది కూడా ఈ పాకమే. కాకపోతే అక్కడ పాకం గిన్నెలో కాదు, ఓవెన్‌లో మాంసం బద్ద మీదే తయారవుతుంది. చుక్క తీసి చూసే వీలు లేదు.

పంది పొట్ట భాగాన్ని ఉప్పులో, కాస్త సోడియం నైట్రైట్‌లో ఊరబెట్టి, పొగ పట్టించి, పల్చగా కోస్తే బేకన్. ఉడికినా దాని గులాబీ రంగు పోనివ్వనిది ఆ నైట్రైటే. ఈ బద్దల్ని ఇనుప జాలీ మీద పరిచి, బ్రౌన్ షుగర్, కారం, మిరియాల పొడి పట్టించి, 175 డిగ్రీల సెల్సియస్ వేడిలో దాదాపు అరగంట ఉంచుతారు.

మొదట్లో అక్కడ ఏమీ జరగనట్టే ఉంటుంది. నిజానికి చక్కెర మాంసంలోని నీటిని పైకి లాగి, అందులోనే కరిగిపోతూ ఉంటుంది. నీళ్ళు బాగా ఉన్నంతసేపూ, ఓవెన్ ఎంత మండుతున్నా, ఆ పలచని పాకం వేడి 100 డిగ్రీలను పెద్దగా దాటదు. నీరు ఇగిరేకొద్దీ వేడి పెరుగుతుంది. 150 డిగ్రీలకు చేరేసరికి పాకంలో నీరు ఒక శాతం మాత్రమే మిగులుతుంది. ముదురుపాకం అంటే ఇదే. ఇంకొంచెం పెరిగితే చక్కెర కేరమెల్ అవుతుంది. ఇంకా పెరిగితే చేదు బొగ్గే. పెనం మీద చేస్తే ఇనుముకు తగిలిన చోట చక్కెర ముందే మాడుతుంది, మిగతాది పచ్చిగా ఉండిపోతుంది. ఓవెన్‌లో వేడిగాలి అన్ని వైపుల నుంచీ నెమ్మదిగా తగులుతుంది, కరిగిన కొవ్వు జాలీ కిందికి కారిపోతుంది.

ఎర్రటి రంగు, ఆ వాసన కేవలం చక్కెరవి కావు. శరీరంలో ప్రొటీన్లు ఎలా ఏర్పడతాయో తేల్చుకోవాలని ఫ్రెంచి శాస్త్రవేత్త లూయీ కమీల్ మయార్ చక్కెరల్ని అమైనో ఆమ్లాలతో కలిపి వేడిచేశాడు. ద్రవం గోధుమరంగుకు తిరిగింది. 1912లో ఆయన ప్రకటించిన ఆ చర్యే కాల్చిన మాంసానికీ రొట్టె పైపొరకీ రుచినిస్తోంది. మామూలు పంచదార నేరుగా ఇందులో పాల్గొనలేదు, ముందు గ్లూకోజ్, ఫ్రక్టోజ్‌లుగా విడిపోవాలి. బ్రౌన్ షుగర్‌లోని మడ్డిలో ఆ రెండూ కొంత సిద్ధంగానే ఉంటాయి. బెల్లంలోనూ ఉంటాయి. నన్నడిగితే బెల్లమే మేలు, కాస్త ఉప్పదనం కూడా కలిసొస్తుంది.

కారం ఘాటు కొలిచే పద్ధతిని అమెరికన్ ఔషధ శాస్త్రవేత్త విల్బర్ స్కోవిల్ ప్రకటించిందీ ఆ 1912లోనే. ఆయన మిరప సారాన్ని మంట తెలియనంత వరకు పలచన చేస్తూ పోయాడు. దేనితో అనుకున్నారు? పంచదార నీళ్ళతో! మిరపలోని క్యాప్సైసిన్ నీటిలో కాదు, కొవ్వులో బాగా కరుగుతుంది. అందుకే బేకన్ కొవ్వు దాన్ని బద్దంతా పులుముతుంది. నోటిలో అది తాకే గ్రాహకం, దాదాపు 43 డిగ్రీలు దాటిన వేడిని పసిగట్టేదే. కాబట్టి చల్లారిన బేకన్ కూడా నాలుకను చురుక్కుమనిపిస్తుంది. ఈ గ్రాహకాన్ని కనిపెట్టిన డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్ వచ్చింది.

ఒక మాట చెప్పకుండా దాటలేను. బేకన్ వంటి నిల్వ మాంసాలను క్యాన్సర్ కారకాల జాబితాలో ప్రపంచ ఆరోగ్య సంస్థ విభాగం 2015లో చేర్చింది. పండగ పట్టీలా ఎప్పుడో ఒక బద్ద తినేదే గానీ రోజూ ఫలహారం కాదు.

కొత్తవాళ్ళు తప్పటడుగు వేసేది చివర్లోనే. ఓవెన్‌లోంచి తీయగానే బద్ద తోలుముక్కలా వంగుతుంది. ఇంకా కాలలేదనుకుని మళ్ళీ లోపల పెడతారు, మాడ్చేస్తారు. వేడి పాకం ఎప్పుడూ మెత్తనే. చల్లారేకొద్దీ అది స్ఫటికాలు కట్టకుండా గాజులా బిగుసుకుంటుంది. అంచుల్లో బుడగలు చిక్కబడి రంగు ముదరగానే బయటికి తీసి, ఐదు పది నిమిషాలు ముట్టుకోకుండా వదిలేయాలి. ఆ తర్వాత విరిస్తే ఫెళ్ళుమంటుంది. ముసురు పట్టిన రోజైతే మాత్రం ఆ గాజు గాలిలోని తేమను పీల్చి, సాయంత్రానికల్లా వేళ్ళకు అంటుకుంటుంది.