ఆపా అల్లించిన టోపీలు

గుంటూరులో మా వీధి చివర ఒక ఇంటి ముందుగదిలో ఊలు, నూలు దారాల దుకాణం ఉంది. దాన్ని నడిపే ఆవిడను వీధంతా ‘ఆపా’ అనే పిలుస్తుంది. భర్త మరణించాక, ఇద్దత్ గడువు ముగిసిన తర్వాత నాలుగు చెక్క అరలతో మొదలుపెట్టారు. అరల నిండా రంగురంగుల ఉండలు, డబ్బాలో క్రోషా సూదులు, గోడకు సలాయీలు. గుంటూరు ఎండల్లో ఊలు ఎవరు కొంటారని మొదట నేనూ అనుకున్నాను. పసిపిల్లల మేజోళ్ళకు, గుమ్మం తోరణాలకు, బడిపిల్లల చేతిపనులకు కొనేవాళ్ళున్నారు. అయితే ఏడాది బేరంలో పెద్దది రంజాన్‌కు ముందు జరిగే నమాజు టోపీల బేరమే.

టోపీలు అల్లేది ఇరుగుపొరుగు స్త్రీలు తొమ్మిదిమంది. దారం ఆపా ఇస్తారు, టోపీకి ఇంత అని కూలి. మా ఇంటావిడా వారిలో ఒకరు. విశ్వాసుల మాత హజ్రత్ జైనబ్ బిన్తె జహష్ (రజి) తోలు పదునుచేసి, కుట్టి, వచ్చినది దానం చేసేవారు. ఇంట్లో కూర్చుని చేసే పనిని చిన్నచూపు చూసేవారికి ఈ సంగతి తెలియదు కాబోలు.

2020 మార్చి 25న దేశమంతా లాక్‌డౌన్ మొదలైంది. మన దగ్గర మొదటి రోజాకు సరిగ్గా నెల ముందు. టోపీలు ఆర్డరిచ్చిన వ్యాపారి ఫోన్ చేసి, మసీదులే మూసివుంటే టోపీలు ఎవరు కొంటారన్నాడు. అతని కొట్టుకూ తాళమే, అతన్ని ఏమని నిందిస్తాం? అప్పటికే రెండు సంచుల టోపీలు తయారై ఉన్నాయి.

ఆపా ఉమ్రా కోసం కూడబెట్టిన డబ్బు ఇంట్లోనే ఉంది. ఉమ్రాకు బయటి దేశాలవారి రాకను సౌదీ ప్రభుత్వం ఫిబ్రవరి 27నే ఆపేసింది. ఆ డబ్బులోంచి తొమ్మిదిమందికీ రంజాన్ నెలవంకకు ముందే కూలి చేరింది. కూలివాని చెమట ఆరకముందే అన్న హదీసును నేను ఎన్ని జుమా ప్రసంగాల్లో చెప్పానో! నష్టంలో ఉండి దాన్ని పాటించినవారిని చూసింది మాత్రం అప్పుడే.

దొడ్డితలుపు తీసి ఒక్క ఉండ ఇవ్వమని బతిమాలినవాళ్ళూ ఉన్నారు. ఆపా ఇవ్వలేదు. అంటువ్యాధి ఉన్న ఊరికి వెళ్ళవద్దని, ఉన్న ఊరు విడిచి రావద్దని దైవప్రవక్త (స) చెప్పిన మాట గుర్తుచేసేవారు. ఆ ఏప్రిల్‌లో మన వీధులను కొందరు ఏ కళ్ళతో చూశారో మనకు తెలుసు. ఒక్కరు తప్పుచేసినా అందరి మీదా పడే రోజులవి.

దుకాణం మూతపడ్డాక ఆపాకు తీరిక దొరికింది. మనుమరాలికి దుప్పటి అల్లడం మొదలుపెట్టారు. ఊలు ఉండ మీది చీటీలో రంగు సంఖ్యతోపాటు లాట్ సంఖ్య ఉంటుంది. రంగు ఒకటే అయినా అద్దకం వేరైతే ఛాయ తేడా వస్తుంది. సగంలో నీలం అయిపోయింది, అదే లాట్ ఎక్కడినుంచి వస్తుంది? మిగిలిపోయిన తుంట ఉండలతో చారలు వేశారు. ఇప్పటికీ ఆ చారల దుప్పటే కావాలని అడిగేవాళ్ళున్నారు.

మదర్సా లేక, తరావీహ్ కూడా ఇంట్లోనే చదువుకుంటూ, నేనూ క్రోషా సూది పట్టాను. టోపీ నడినెత్తి దగ్గర చిన్న గుండ్రంతో మొదలవుతుంది. చుట్టు చుట్టుకూ కుట్లు సమంగా పెంచాలి. తక్కువైతే దొన్నెలా ముడుచుకుంటుంది, ఎక్కువైతే అంచు కుచ్చిళ్ళు పోతుంది. తలకు సరిపడా వెడల్పు వచ్చాక పెంచడం ఆపితే గోడ దిగుతుంది. నాకు ప్రతిసారీ కుచ్చిళ్ళే. మూడోసారి విప్పుతూ, నూలు గట్టిగా వడికి తానే తునకలు చేసుకున్న స్త్రీ ఉపమానం, నహల్ సూరా 92వ ఆయతులోనిది, నాకే వర్తించేలా ఉందన్నాను. మా ఇంటావిడ ఫోన్‌లో ఆపా విన్నారు.

“కాదు మౌల్వీసాబ్! అది మాట ఇచ్చి తప్పేవాళ్ళ గురించి కదా. ఆమె బాగున్నదాన్ని పాడుచేసుకుంది. మీరు పాడైనదాన్ని విప్పుతున్నారు, కానివ్వండి.”

ముప్పై ఏళ్ళుగా ఆ ఆయతును పాఠం చెబుతున్న నాకు ఆ తేడా తట్టలేదు!

జూన్ 8 నుంచి కంటైన్‌మెంట్ జోన్లకు వెలుపల ప్రార్థనా స్థలాలు తెరవడానికి కేంద్రం అనుమతించింది. మా మసీదు తెరిచిన రోజున, గుమ్మం దగ్గర అందరూ వాడుకునే ప్లాస్టిక్ టోపీల బుట్టను కమిటీవారు తీసేశారు, ఎవరి టోపీ వారే తెచ్చుకోవాలన్నారు. ఆపా సంచులు బక్రీద్‌లోపే ఖాళీ అయ్యాయి. నేను అల్లినదాన్ని మాత్రం ఆమె అమ్మకానికి పెట్టలేదు. అది మా వంటింట్లో ఆవకాయ జాడీ మీద ఉంది.