నత్తి పిల్లలు - మాట ధైర్యము

పసితనమున నత్తికి చేయించిన చికిత్స పెద్దయైన పిమ్మట బిడ్డకేమి మిగుల్చును? మాట సాఫీయగుటయే ఫలమని తల్లులనేకులు తలంచుచున్నారు. మాకు తోచినంతవరకు అది సగము ఫలమే. మాటాడుటకు వెరవకుండుట రెండవ సగము, మొదటిదానికన్న విలువైనది.

మన కోనసీమ యిండ్లలో పసిబిడ్డకు వస అరగదీసి నాలుకకు రాయుట తరతరముల ఆచారము. గలగల మాటాడు పిల్లను వసపిట్ట యందుము. కావుననే పిల్ల మాట తడబడగానే వస చాలలేదని మామ్మలు తీర్మానింతురు. వస యెక్కువైన బిడ్డకు వాంతులగును గాని నత్తి పోదు. నత్తి నాలుక దోషము గాదు, తల్లి పెంపకపు దోషమును గాదు. మాటను కూర్చి పలికించు మెదడు మార్గములలోని భేదమది. పెక్కుసార్లు వంశమున వచ్చును. నూరుగురు పిల్లలలో సుమారు అయిదుగురికి కనిపించి, చాలమందికి దానంతటదియే పోవును. పెద్దలలో నూటి కొక్కరికి నిలుచును.

నిలిచినవారిలో మగవారే యెక్కువ. అట్లని ఆడపిల్లలను గూర్చి నిశ్చింతగా నుండరాదు. కొడుకునకు నత్తి యున్నచో ఉద్యోగమెట్లని తండ్రి వైద్యునికడకు పరుగెత్తును. కూతురు నోరు మెదపకున్నచో "నోట్లో నాలుక లేని బంగారుతల్లి" యని మెచ్చుకొందురు. తడబాటు బయటపడునని భయపడి ఆ పిల్ల మౌనముగా నున్నదని యెవ్వరికిని తోచదు. ఆ మెప్పులోనే చికిత్సాకాలము గడచిపోవును.

మా వీధిలోని యొక బాలికకు అయిదవయేట మాట తడబడ నారంభించినది. తల్లి వారమున కొకసారి ఎదుర్లంక వారధి మీదుగా కాకినాడకు తీసికొనిపోయి స్పీచి థెరపీ చేయించినది. అచ్చటి చికిత్సకురాలు బిడ్డకన్న తల్లికే యెక్కువ పాఠము చెప్పినదట. దినమున కొక పావుగంట బిడ్డతో ఆటలాడుచు మాటాడవలెను. సాఫీగా పలికినప్పుడు "ఎంత చక్కగా చెప్పావమ్మా" యని మెచ్చవలెను. తడబడినప్పుడు తొందరింపక, మాట నందీయక, వాక్యము ముగియువరకు వినవలెను. ఇట్టి పద్ధతి యొకటి ఆస్ట్రేలియాలో సిడ్నీ నగరపు లిడ్‌కోంబ్ అను పేట పేర ప్రసిద్ధము. ఆరేండ్లలోపు పిల్లలకు దాని గుణమును పరీక్షించి 2005లో బ్రిటిషు వైద్యపత్రికలో ప్రకటించిరి. తల్లియే చికిత్స చేయుట అందలి విశేషము.

ఆ బాలికకు ఇప్పుడు పండ్రెండేండ్లు. కకారమువద్ద నేటికిని కొంచెము ఆగును. ఐనను అంగడికి పోయి బేరమాడును. బడిలో పద్యము చదువుమన్న ముందుగా చేయెత్తును. ఎవరైన నవ్విన "నాకు నత్తి, కొంచెం ఆగండి" అని తానే చెప్పును. నత్తి పూర్తిగా పోలేదు గదా యని మేనత్త పెదవి విరుచును. ఆమెకు మేమేమి చెప్పగలము!

వేరొక బాలునికి నాలుగేండ్లలో ముగ్గురు చికిత్సకులను మార్చిరి. ఇంటికి వచ్చిన బంధువుల యెదుట "చెప్పు, మళ్లీ చెప్పు" అని పరీక్షించిరి. మాట కొంత బాగుపడినది. కాని తాను మరమ్మతు చేయవలసిన వస్తువునని వాని మనసున నాటుకొన్నది. కళాశాలకు వచ్చినను ఫోనెత్తడు.

ఇంగ్లండు రాజగు ఆరవ జార్జికి చిన్ననాటనే నత్తి వచ్చెను. లయొనెల్ లోగ్ అను ఆస్ట్రేలియా దేశీయునివద్ద చికిత్స మొదలైనది 1926లో, ముప్పదేండ్ల ప్రాయమున. 1939 సెప్టెంబరు 3వ తేదీన యుద్ధవార్తను రేడియోలో ప్రజలకు చెప్పగలిగెను. రాజునకు ఆ యాలస్యము చెల్లినది. మన పిల్లలకు బడిలో హాజరుపట్టీ అయిదవయేటనే యెదురగును. మావారు ఉపాధ్యాయులు. తన పేరు పిలుచువరకు గుండె దడదడలాడు పిల్లలను వారెరుగుదురు. అట్టివారు చేయెత్తిన చాలునని నియమము పెట్టినారు. పాఠము మాత్రము మొదట ఇద్దరు ముగ్గురు స్నేహితుల నడుమ చదివింతురు.

అంగన్‌వాడీలకును బడులకును వచ్చి బిడ్డలను పరీక్షించు రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము 2013లో ఆరంభమైనది. మాట ఆలస్యము వారు చూడవలసినవానిలో నొకటి. సమగ్రశిక్షవారి భవిత కేంద్రములందును విచారింపవచ్చును. తడబాటు ఆరు మాసములు దాటినను, పలుకునపుడు బిడ్డ కన్నులు మూసి మెడ బిగించినను, మాటాడుటయే మానినను వేచియుండక చూపింపవలెను. ఏ మాటవద్ద, ఎవరి యెదుట తడబడుచున్నదో వారముదినములు వ్రాసి తీసికొనిపోయిన చికిత్సకులకు పని సులభమగును.