మిగ్ రెక్క కింద ఏముండేది?

తిరుపతి, చిత్తూరు కాలేజీ హాస్టళ్లలో రాత్రి పదకొండు దాటాక కంప్యూటర్ గేముల మీద జరిగే వాదనల్లో ఒకటి ఎప్పటికీ తెగదు. తెర మీద ఒక రష్యన్ దాడి విమానం, ఏ సుఖోయ్-25నో, మిగ్-27నో ఉంటుంది. దాని రెక్కల కింద లేజర్‌తో నడిచే క్షిపణి తగిలించవచ్చా? "మాన్యువల్లో ఉంది కదా" అని ఒకరంటారు. "యుద్ధంలో వాడిన ఫొటో చూపించు" అని ఇంకొకరంటారు. చూడటానికి ఇది పిల్లల పట్టుదలలాగే ఉంటుంది. కానీ సైనిక చరిత్ర రాసేవాళ్లు, ఏరోనాటికల్ ఇంజనీర్లు కూడా ఇదే ప్రశ్న వేసుకుంటారు. వాళ్లు దాన్ని మూడు ముక్కలుగా విడగొడతారు. ఆ విమానం ఏం మోయగలదు? దాన్ని కొన్న దేశం ఏ ఆయుధాలు కొనుక్కుంది? ఫలానా రోజు, ఫలానా చోటికి ఏం తగిలించుకుని వెళ్లింది?

హోటల్ బోర్డు మీద రాసిన టిఫిన్లన్నీ ప్రతి పూటా దొరకవు. మాన్యువల్లోని ఆయుధాల జాబితా కూడా అలాంటిదే. హాస్టల్ వాదనలు ఎక్కువగా మొదటి ప్రశ్న దగ్గరే ఆగిపోతాయి.

మన దేశానికి బాగా దగ్గరైన ఉదాహరణ మిగ్-27. ఒకే ఇంజిన్, వెనక్కీ ముందుకీ కదిలే రెక్కలు, దాదాపు 4 టన్నుల ఆయుధాలు మోసే శక్తి ఉన్న ఈ విమానాన్ని మన వైమానిక దళం 'బహదూర్' అని పిలిచింది. హిందుస్థాన్ ఏరోనాటిక్స్ నాసిక్ కర్మాగారంలో లైసెన్సు మీద 165 విమానాలు తయారయ్యాయి. సోవియట్ యూనియన్ దగ్గర ఇందులో వేర్వేరు రకాలుండేవి. మిగ్-27కె ముక్కులో 'కైరా' అనే టీవీ, లేజర్ పరికరం ఉండేది. పైలట్ తెర మీద లక్ష్యాన్ని చూస్తూ గైడెడ్ బాంబు వేయగలిగేవాడు. మనకు వచ్చింది ఆ రకం కాదు. మిగ్-27ఎం ఆధారంగా చేసిన, 'క్లెన్' అనే తేలికపాటి లేజర్ పరికరం ఉన్న ఎంఎల్ రకం. వార్ థండర్ లాంటి గేముల్లో ఎం, కె రెండూ ఉంటాయి కాబట్టి ఆటగాళ్లు ఒకదాని ఆయుధాలను రెండోదానికి అంటగడుతుంటారు. పేరులో ఒక్క అక్షరం మారితే ముక్కులోని పరికరం మారుతుంది, దానితోపాటు రెక్క కింద తగిలించగల బాంబులూ మారతాయి.

ఏ సంవత్సరం అన్నది కూడా అంతే ముఖ్యం. 2000 దశకంలో దాదాపు 40 మిగ్-27లకు కొత్త ఎలక్ట్రానిక్స్ అమర్చి, లక్ష్యానికి గురిపెట్టే ఇజ్రాయెల్ తయారీ లైటెనింగ్ పాడ్ వాడుకునే వీలు కల్పించారు. 1999 కార్గిల్ యుద్ధం నేపథ్యంగా ఉన్న గేములో మిగ్-27కు అదే పాడ్ తగిలిస్తే చరిత్ర తప్పినట్టే. మిగ్-21ఎఫ్‌ఎల్ విషయంలో దీనికి తిరగబడిన తప్పు జరుగుతుంది. ఆ డిజైన్‌లో విమానం లోపల గన్ లేదు. పుస్తకం చూసి, "దీనికి గన్ ఎక్కడిది?" అని కొట్టిపారేస్తారు. కానీ 1971 నాటికి మన స్క్వాడ్రన్లు విమానం పొట్ట కింద 23 మి.మీ. గన్ ఉన్న పెట్టెను తగిలించుకున్నాయి. 1971 డిసెంబర్ 12న జామ్‌నగర్ వైపు వచ్చిన పాకిస్థాన్ ఎఫ్-104ను ఒక మిగ్-21 పడగొట్టింది ఆ గన్‌తోనే.

మూడో ప్రశ్నకు తెలుగువాళ్లు మరచిపోలేని జవాబు ఒకటుంది. 1999 మే 26న కార్గిల్ కొండల మీద 'ఆపరేషన్ సఫేద్ సాగర్' మొదలైంది. మర్నాడే ఫ్లైట్ లెఫ్టినెంట్ కంభంపాటి నచికేత 9వ స్క్వాడ్రన్ మిగ్-27లో బటాలిక్ ప్రాంతానికి వెళ్లారు. లక్ష్యం దాదాపు 17,000 అడుగుల ఎత్తులో ఉన్న శత్రు స్థావరం. ఆయన మొదట 80 మి.మీ. రాకెట్లు ప్రయోగించారు. రెండో దఫా 30 మి.మీ. గన్ పేల్చారు. ఆ తర్వాత ఇంజిన్ ఆరిపోయింది. మళ్లీ వెలిగించే ప్రయత్నం ఫలించకపోవడంతో ఆయన పారాచూట్‌తో బయటపడి పాకిస్థాన్ సైన్యానికి చిక్కారు. ఆయన్ను వెతుకుతూ వెళ్లిన స్క్వాడ్రన్ లీడర్ అజయ్ ఆహుజా మిగ్-21ను క్షిపణి కూల్చింది, ఆహుజా ప్రాణాలు కోల్పోయారు. నచికేత జూన్ మొదటి వారంలో వాఘా మీదుగా తిరిగొచ్చారు. తర్వాతి సంవత్సరాల్లో గాలిలోనే ఇంధనం నింపే ఐఎల్-78 విమానాలు నడిపారు.

గన్ పేల్చితే ఇంజిన్ ఎందుకు ఆరిపోతుంది? జెట్ ఇంజిన్ ముందు నుంచి గాలి పీల్చి, కంప్రెసర్‌తో నొక్కి, అందులో ఇంధనం మండిస్తుంది. గన్ గొట్టాల నుంచీ, రాకెట్ల తోక నుంచీ వచ్చే పొగ బాగా వేడిగా ఉంటుంది, అందులో ఆక్సిజన్ తక్కువ. అది ఇంజిన్ నోట్లోకి వెళ్తే కంప్రెసర్ రెక్కల మీద గాలి ప్రవాహం చెదిరిపోతుంది. దీన్ని ఇంజనీర్లు సర్జ్ అంటారు. అది ముదిరితే మంట ఆరిపోతుంది. ఎత్తైన చోట గాలి ముందే పలచన కాబట్టి ఇంజిన్‌కు తట్టుకునే వెసులుబాటు ఇంకా తక్కువ. ఈ జబ్బు ఒక్క రష్యన్ విమానాలదే కాదు. 1950లలో బ్రిటిష్ హాకర్ హంటర్ తొలి రకాలు గన్ పేల్చినప్పుడు ఇంజిన్ సర్జ్‌కు గురయ్యేవి. గన్ పేలే క్షణాల్లో ఇంధనాన్ని దానంతటదే కాస్త తగ్గించే ఏర్పాటు చేశాకే ఆ బాధ తగ్గింది.

మిగ్-27 గన్ కూడా మామూలుది కాదు. ఆరు గొట్టాల జీఎస్‌హెచ్-6-30 నిమిషానికి సుమారు 5,000 గుళ్ల వేగంతో కాలుస్తుంది. విమానంలో ఉండేది 260 గుళ్లే కాబట్టి ట్రిగ్గర్ అలాగే పట్టుకుంటే మూడు సెకన్లలో ఖాళీ. ఒక్కో గుండు దాదాపు 390 గ్రాములు, వేగం సెకనుకు సుమారు 870 మీటర్లు. ఈ మూడు అంకెలను గుణిస్తే, ఒక్క గుళ్ల వల్లే విమానం మీద వెనక్కి పడే బలం దాదాపు 2.9 టన్నులని తేలుతుంది. మందు పొగ తోపు దీనికి అదనం. ఆఫ్టర్ బర్నర్ లేకుండా ఇంజిన్ ఇచ్చే థ్రస్ట్ సుమారు 8 టన్నులు. అంటే గన్ పేలినంతసేపూ ఇంజిన్ శక్తిలో మూడో వంతుకు మించి వెనక్కి పోతుంది. ఈ గన్ అదురుకు విమానం ల్యాండింగ్ లైట్లు పగిలిపోయేవని సోవియట్ పైలట్ల అనుభవం. చాలా గేముల్లో ఈ గన్ కేవలం నష్టం చూపే అంకె మాత్రమే. కుదుపు, పొగ, పగిలే దీపాలు కనిపించవు.

గాలి పలచదనం గురించి చిత్తూరు, తిరుపతి జిల్లాలవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు, అది ఇక్కడే కొలుచుకోవచ్చు. తిరుమల ఎత్తు సుమారు 3,200 అడుగులు. ప్రామాణిక లెక్క ప్రకారం అక్కడ గాలి సాంద్రత సముద్రమట్టం కంటే 9 శాతం తక్కువ. మే నెల మిట్టమధ్యాహ్నం 42 డిగ్రీల ఎండలో కింద రేణిగుంట రన్‌వే మీద గాలి కూడా దాదాపు అంతే పలచబడుతుంది. కొండ ఎక్కకుండానే, విమానానికి కొండెక్కినట్టవుతుంది. రెక్కలకు పట్టు, ఇంజిన్‌కు శక్తి రెండూ తగ్గుతాయి, కాబట్టి మోసే బరువు తగ్గించాలి. ఇక బటాలిక్ దగ్గరి ఆ 17,000 అడుగుల ఎత్తులో సాంద్రత సముద్రమట్టంలో దాదాపు 60 శాతమే. వేడీ ఎత్తూ కలిసిన అఫ్గానిస్థాన్‌లో సోవియట్ సుఖోయ్-25కూ ఇదే ఇబ్బంది ఉండేది. దాని రెక్కల కింద ఆయుధాలు తగిలించే పైలాన్లు పది ఉన్నాయి, అందులో చివరి రెండూ ఆత్మరక్షణకు గాలిలోంచి గాలిలోకి కాల్చే చిన్న క్షిపణులకు. గేములో పదీ నింపుకుని ఎగరడం తేలిక, నిజం విమానానికి రన్‌వే పొడవు అడ్డొస్తుంది.

గురి కూడా మారుతుంది. 80 మి.మీ. ఎస్-8 రాకెట్లో మండేది ఘన ఇంధనం. శ్రీహరికోట నుంచి లేచే పీఎస్‌ఎల్‌వీ మొదటి దశలోనూ 139 టన్నుల ఘన ఇంధనమే ఉంటుంది. పీఎస్‌ఎల్‌వీని కంప్యూటర్ దారిలో పెడుతుంది, ఎస్-8కు అలాంటి మెదడు లేదు. గొట్టం నుంచి బయటపడగానే రెక్కలు విచ్చుకుని, తిరుగుతూ, చూపిన వైపు పోతుంది. పలచటి గాలిలో దాన్ని ఆపే రాపిడి తక్కువ, రెక్కలకు దొరికే పట్టూ తక్కువ. మామూలు ఎత్తుల కోసం చేసిన గురి లెక్కలు అక్కడ తప్పుతాయి. కార్గిల్‌లో బాంబులు, రాకెట్లు లక్ష్యం దాటి పోవడానికి ఇదొక కారణం.

మే 28న ఒక ఎంఐ-17 హెలికాప్టర్ కూడా భుజం మీంచి కాల్చే క్షిపణికి కూలింది. దాంతో విమానాలు ఆ క్షిపణులకు అందని ఎత్తుకు వెళ్లాయి, అంత దూరం నుంచి రాకెట్లూ గన్లూ పనికిరావు. చేతిలో పట్టుకునే జీపీఎస్ సాయంతో పై నుంచి బాంబులు వేసే పద్ధతి వచ్చింది. జూన్ 24న టైగర్ హిల్ మీద లేజర్ గైడెడ్ బాంబులు వేసినవి మిరాజ్-2000లు, మిగ్‌లు కావు. అంటే ఒకే యుద్ధంలో మే 27కూ జూన్ చివరికీ 'సరైన ఆయుధాలు' వేరు.

గేము తయారీదారులకు వేరే లెక్క ఉంటుంది. రెండు జట్లకూ సమానంగా గెలిచే అవకాశం ఇవ్వాలి కాబట్టి ఒక క్షిపణిని చేరుస్తారు, ఇంకొకటి ఆపుతారు. అది ఆటకు న్యాయమే, చరిత్రకు సాక్ష్యం కాదు. ఆ తేడా మరచినవాళ్లు ప్రమాదకరమైన పనులూ చేశారు. 2021లో వార్ థండర్ ఆటగాళ్లు తమ వాదన నెగ్గించుకోవడానికి బ్రిటిష్ చాలెంజర్-2, ఫ్రెంచ్ లెక్లెర్క్ ట్యాంకుల రహస్య కాగితాలు బయటపెట్టారు. కంపెనీ వాటిని తీసేసింది. మన దేశంలో ఇలాంటి పనికి 1923 నాటి అధికార రహస్యాల చట్టం వర్తిస్తుంది. ఇంట్లో సైన్యంలో పనిచేసిన పెద్దలుంటే వాళ్ల పాత కాగితాలను ఫోన్‌లో ఫొటో తీసి పంచుకోవద్దు. తేదీ ఉన్న ఫొటోలు, అధికారిక చరిత్రలు, బహిరంగంగా దొరికే మాన్యువళ్లు వాదనకు చాలు.

కళ్లతో చూడాలనుకునేవాళ్లకు మరో దారి ఉంది. రేణిగుంట నుంచి పుత్తూరు, తిరుత్తణి దాటితే వచ్చే అరక్కోణంలోని ఐఎన్‌ఎస్ రాజాళి నుంచి మన నౌకాదళం రష్యన్ టీయూ-142 విమానాలను 2017 మార్చి దాకా ఎగరేసింది. అణు క్షిపణులు మోసే టీయూ-95 బాంబర్‌తో దీన్ని చాలామంది కలిపేస్తారు. రెండూ ఒకే వంశమైనా టీయూ-142 పని జలాంతర్గాములను వేటాడటం. టార్పెడోలు, నీటి కింద శబ్దం వినే సోనోబాయ్‌లు దాని సరంజామా. వాటిలో ఒకటి 2017 డిసెంబర్ నుంచి విశాఖ బీచ్ రోడ్డులో మ్యూజియంగా ఉంది. ఈ సెలవుల్లో విశాఖ వెళ్లేవాళ్లు లోపలికెళ్లి, అది ఏ పనికోసం పుట్టిందో, ఏం మోసేదో దగ్గరగా చూసి రండి.