తీరానికి కావలి.. చెట్టుమాను

వేపకు చేవ లోపల, తాటికి చేవ బయట: తేడా తెలిస్తే చెట్టు దక్కుతుంది

'మొక్కై వంగనిది మానై వంగునా' అని సామెత. మనుషుల సంగతేమో గాని, తాటిచెట్టుకు ఈ సామెత చెల్లదు. తాటి మొక్కగా ఉన్నన్నాళ్లూ దానికి మానే ఉండదు. మాను కట్టాక మాత్రం పెనుగాలికి ఊగుతుంది, వంగుతుంది, గాలి తగ్గాక మళ్లీ నిటారుగా నిలబడుతుంది. కావలి మొదలు పులికాటు దాకా మన తీరగ్రామాల పొలం గట్ల మీద నిలిచి ఉన్న తాటిచెట్లు ఎన్ని తుఫాన్లను చూశాయో!

1984 నవంబరులో శ్రీహరికోట దగ్గర, 1989 నవంబరు 8, 9 తేదీల్లో కావలి దగ్గర తీరం దాటిన తుఫాన్లను పెద్దలు ఇంకా మరువలేదు. కావలి తుఫాను థాయ్‌లాండ్ సింధుశాఖలో పుట్టి, ఆ దేశాన్ని దాటి, బంగాళాఖాతం అడ్డంగా వచ్చి మన మీద పడింది. అటువంటి గాలికి మొదట ఎదురయ్యేవి తీరం వెంట ఉన్న చెట్లే. చెట్టులో ఆ దెబ్బ కాచుకునేది మాను. ఆ మానును మనం వట్టి కట్టె కింద జమకట్టి, టన్ను ఇంతని బేరం పెడుతున్నాం. కొట్టే ముందు దాని లోపల ఏముందో ఒకసారి చూడాలి.

మోటారు లేని బావి

వేప, చింత, తుమ్మ, సరుగుడు వంటి చెట్ల మానును అడ్డంగా కోస్తే పొరలు పొరలుగా కనిపిస్తుంది. పైన బెరడు. దాని లోపలి తడి పొర గుండా ఆకుల్లో తయారైన తీపి ఆహారం కిందికి, వేళ్లకు దిగుతుంది. ఆ తరువాత కంటికి ఆననంత పలుచని ఎదుగుదల పొర ఒకటి ఉంది. అది లోపలి వైపు చెక్కను, బయటి వైపు బెరడును కొత్తగా తయారుచేస్తూ ఉంటుంది. మాను ఏటేటా లావెక్కేది అందుకే. ఇంకా లోపల ఉన్న తెల్ల చెక్కలో నీరు పైకి ఎక్కుతుంది. నడిమధ్యన రంగు తేలిన చేవ ఉంటుంది. అది నీళ్లు మోయడం మానేసిన పాత చెక్క. ఇంటికి నిట్రాట మాదిరి చెట్టును నిలబెట్టడం దాని పని.

నీరు పైకి ఎలా ఎక్కుతుంది? మోటారు లేదు, కరెంటు లేదు. ఎండకు ఆకుల నుంచి నీరు ఆవిరవుతుంటే, పోయిన మేరకు వెనక ఉన్న నీటిని లాగుతుంది. వేరు నుంచి ఆకు దాకా నీరు తెగని దారంలా సాగుతుంది. పైన లాగితే కింద కదులుతుంది. అంతే రహస్యం.

తాటి దారి వేరు

తాటిచెట్టు వరికి, జొన్నకు దూరపు చుట్టం. జొన్నదంటును విరిచి చూస్తే సన్నని పోగులు చెల్లాచెదురుగా కనిపిస్తాయి కదా! తాటిమాను లోపల కూడా అంతే. నీటికీ, ఆహారానికీ ఆ నారపోగులే గొట్టాలు. ఎదుగుదల పొర లేదు గనుక మాను వేపలా ఏటేటా లావెక్కదు. ఏటేటి వలయాలూ ఉండవు, వాటిని లెక్కపెట్టి వయసు చెప్పడమూ కుదరదు.

ఈ పోగులు అంచు వైపు కిక్కిరిసి, నడుమ పలుచబడతాయి. అందుకే మామూలు చెట్టుకు చేవ లోపల ఉంటే తాటికి బయట ఉంటుంది. లోపలంతా మెత్తని దూట. దూలాలకు, వాసాలకు పనికి వచ్చేది ఆ బయటి చేవే. దూట తొలిచేస్తే నీళ్లు పారించే దోనె అవుతుందని మన పెద్దలకు బాగా తెలుసు. సైకిలుకు కడ్డీలు కాక గొట్టాలు ఎందుకు వాడతారు? బరువు తక్కువ, బలం ఎక్కువ. గాలికి తాటిమాను తట్టుకోవడంలో కిటుకు కూడా అదే.

ఈ మాను తయారు కావడానికి ఓపిక కావాలి. టెంక మొలిచినప్పుడు మొదట పైకి రాదు, నేలలోకి దిగుతుంది. మనం కాల్చుకు తినే తేగ అదే. తరువాత కొన్నేళ్ల పాటు నేలమట్టంలోనే ఆకులు వేస్తూ అడుగు లావు కట్టుకుంటుంది. కావలసినంత లావు వచ్చాకే పైకి లేస్తుంది. కాపుకు రావడానికి పన్నెండు నుంచి ఇరవై ఏళ్లు పడుతుంది. రంపంతో కోయడానికి అరగంట చాలు!

దెబ్బ ఎక్కడ తగిలితే ఏమవుతుంది?

వేపకో చింతకో చుట్టూ ఒక జానెడు బెరడు తీస్తే చెట్టు మర్నాడే ఎండదు. చెక్కలో నీరు ఎక్కుతూనే ఉంటుంది గనుక కొన్ని నెలలు పచ్చగా కనిపిస్తుంది. వేళ్లకు మాత్రం తిండి ఆగిపోతుంది. అవి చచ్చాక చెట్టూ చస్తుంది. కంచె తీగను మానుకు చుట్టి వదిలేసినా ఇదే గతి. మాను లావెక్కే కొద్దీ తీగ బెరడును నొక్కి ఉరి వేస్తుంది. బోర్డులకు కొట్టిన మేకుల గాయాల గుండా కుళ్లు లోపలికి చేరుతుంది. చేవ పుచ్చిన చెట్టు తుఫాను నాడు ఇంటి మీదే పడవచ్చు.

తాటికి ఇలా తీయడానికి బెరడే లేదు. కాని దాని గాయం ఎన్నటికీ పూడదు. దాని ప్రాణమంతా తలలోని ఒక్క మొవ్వులో ఉంది. మొవ్వు పోతే చెట్టు పోయినట్టే, పక్క నుంచి కొమ్మ రాదు. గట్ల మీద చెత్తకు నిప్పు పెట్టినప్పుడు పైకి లేవని చిన్న తాళ్లు కాలిపోతాయి. వాటితోపాటు రేపటి చెట్లూ పోయినట్టే.

సరుగుడు.. మధ్యలో వచ్చిన నేస్తం

సరుగుడు మన గడ్డమీద పుట్టిన చెట్టు కాదు. మద్రాసు ప్రెసిడెన్సీ రోజుల్లో, 19వ శతాబ్దంలో, రైలింజన్ల కట్టె కోసం ఈ తీరంలో పెంచడం మొదలైంది. సూదుల్లా వేలాడేవి దాని ఆకులని అనుకుంటాం. నిజానికి అవి సన్నని పచ్చని కాండాలు. అసలు ఆకులు కణుపుల దగ్గర చిన్న పొలుసులుగా ఉంటాయి. అందుకే ఉప్పుగాలికి, ఎండకు నీరు ఎక్కువ పోగొట్టుకోకుండా బతుకుతుంది. వేళ్ల బుడిపెల్లో ఉండే సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని పట్టి ఇస్తాయి గనుక వట్టి ఇసుకలోనూ ఎదుగుతుంది.

సరుగుడు తోపు గాలిని గోడలా ఆపదు, జల్లెడ పట్టినట్టు వడకడుతుంది. అదే మేలు. గోడకు కొట్టుకున్న గాలి పైనుంచి దూకి అవతల సుడి తిరుగుతుంది. తోపు గుండా వచ్చిన గాలి నెమ్మదిస్తుంది. చెట్ల ఎత్తుకు పదింతల దూరం దాకా ఆ చలవ పొలాలకు అందుతుంది. అయితే నాలుగైదేళ్లకు తోపంతా ఒకేసారి నరికితే ఆ ఏడు ఊరు గాలికి బోసిగా నిలబడుతుంది.

పొగలో పోయేదేమిటి?

బాగా ఎండిన 100 కిలోల కట్టెలో దాదాపు సగం కార్బనే. దాన్ని కూడబెట్టడానికి చెట్టు 180 కిలోలకు పైగా బొగ్గుపులుసు వాయువును గాలి నుంచి తీసుకుంది. మానంటే అంత వాయువు దాచిన గాదె అన్నమాట. ఇటుక బట్టీలో వేసిన తాటిమాను ఏళ్ల తరబడి దాచినదంతా ఒక్కపూటలో తిరిగి గాలిలో కలుస్తుంది. భూమి వేడెక్కడానికి ఆ వాయువే ముఖ్య కారణం. సముద్రం వేడెక్కితే తుఫాన్లకు బలం పెరుగుతుంది. ఆ బలం మొదట చూసేది మన తీరమే.

చేయవలసింది

చెట్లుంటే చాలు, తుఫాను మనల్ని ఏమీ చేయదనుకోవడం పొరపాటు. హెచ్చరిక వచ్చిన నాడు షెల్టరుకు వెళ్లి తీరాలి. కాని గాలి జోరు తగ్గించే కాపలాను మన చేతులతో మనమే తీసివేయరాదు.

సరుగుడు రైతులు తోపును వంతులుగా కోసుకుంటూ, సముద్రం వైపు కొన్ని వరుసలు నిలిపితే ఊరికి మేలు. కొత్తగా నాటేవారు అలల అంచు దాకా తోసుకుపోరాదు. సముద్రపు తాబేళ్లు గుడ్లు పెట్టేది ఆ ఇసుకలోనే. గట్ల మీది చెట్టు కొట్టే ముందు 2002 నాటి వాల్టా చట్టం కింద అనుమతి సంగతి విచారించుకోవాలి. మానుకు చుట్టిన తీగలు విప్పాలి, మేకులు కొట్టడం మానాలి.

తాటిచెట్టు పెంచడానికి నర్సరీ అక్కరలేదు, డబ్బూ అక్కరలేదు. పండ్లు రాలే రోజుల్లో పిల్లలు తిని పారేసిన టెంకలను గట్టున పాతితే చాలు. పది టెంకలు పాతి, ఎనిమిదింటి తేగలు తిన్నా రెండు వదలండి. ఆ రెండూ మాను కట్టే నాటికి ఈ పిల్లలు పెద్దవాళ్లవుతారు. అప్పుడు వచ్చే తుఫానుకు ఊరి ముందు నిలబడేవి అవే.