జీపు ఎందుకు పొగలు కక్కింది?



పోయిన ఎండాకాలం మా అక్కను కాన్పుకు పాత జీపులో ఆత్మకూరుకు తీసుకొని పోతుంటే, నల్లమల దారిలో జీపు పొగలు కక్కి ఆగిపోయింది. మా చిన్నాయన తొందరపడి రేడియేటర్ మూత తిప్పినాడు. ఉడుకు నీళ్లు ఎగజిమ్మి చెయ్యంతా బొబ్బలు లేసినాయి. బండి చల్లారినాక డ్రైవరన్న క్యానులోని నీళ్లు పోసి, గంట తర్వాత బయలుదేరదీసినాడు. అక్క, బిడ్డ క్షేమమే. కానీ జీపు ఎందుకు ఆగిందో నాకు తెలుసుకోవాలనిపించింది. మెకానిక్‌ను అడిగి తెలుసుకున్నది రాస్తున్నాను.

ఇంజనులో డీజిల్ మండినప్పుడు పుట్టే వేడిని నీళ్లు తీసుకొని రేడియేటర్‌లోకి పోతాయి. అక్కడ సన్నని గొట్టాలలో ఫ్యాను గాలికి చల్లబడి మళ్లీ ఇంజనులోకి వస్తాయి. నీళ్లను తిప్పేది వాటర్ పంపు.

నీళ్లు 100 డిగ్రీల దగ్గర మరుగుతాయని చదువుకున్నాము. మూత బిగించి ఉంటే, ప్రెషర్ కుక్కర్ మాదిరి, అంతకంటే వేడెక్కినా మరగవు. మూత తీస్తే ఒత్తిడి పోయి ఒక్కసారిగా ఆవిరై ఎగురుతాయి. చిన్నాయన చెయ్యి కాలింది అందుకే.

బండి వేడెక్కితే ఇట్ల చేయాలి:

1. ఇంజను ఆపి కనీసం అరగంట ఆగాలి. మూత చల్లబడినాకనే మందపాటి గుడ్డ వేసి మెల్లగా తిప్పాలి.

2. కాలే ఇంజనులో చల్లనీళ్లు పోయరాదు. కాలే పెంకు మీద పోసినట్టే, ఇనుము పగులుతుంది.

3. నీళ్లు తగ్గి ఉంటే రబ్బరు గొట్టాల కింద, పంపు కింద తడి ఉందేమో చూడాలి. చీలిన గొట్టం మార్చాలి.

4. ఫ్యాను బెల్టు వదులైతే బిగించాలి. పగుళ్లుంటే మార్చాలి.

5. రేడియేటర్ ముందర పట్టిన దుమ్ము, పురుగులు కడగాలి.

6. ఇంజనాయిలు పాలు కలిపినట్టు తెల్లగా ఉంటే నీళ్లు అందులో కలిసినట్టు. బండి నడపకుండా మెకానిక్‌కు చూపించాలి.

మా జీపులో ఇవేవీ కాదు. రేడియేటర్ విప్పితే గొట్టాలలో సున్నం మాదిరి తెల్లగా పేరుకుంది. రోజూ పోసింది బోరునీళ్లే! మన వరండాలో పరచిన కడప బండలు సున్నపురాయి. అట్లాంటి రాళ్లలోంచి ఊరే నీళ్లలో సున్నం కరిగి ఉంటుంది. కాగినప్పుడు బయటపడి అంటుకుంటుంది. మన వంటింట్లో నీళ్లు కాచే గిన్నె అడుగున పట్టేదీ అదే. మెకానిక్ గొట్టాలు శుభ్రం చేసి, డిస్టిల్డ్ వాటర్‌లో కూలెంట్ కలిపి పోసినాడు. ఇప్పుడు జీపు ఆగకుండా పోతావుంది.

సెలవులకు ఇండ్లకు పోయినప్పుడు మీ గూడెంలో, తాండాలో జీపు నడిపే అన్నలకు ఈ సంగతి చెప్పండి. ముందుగా మూత సంగతి చెప్పండి.

— 9వ తరగతి విద్యార్థిని