పడవ ఇంజన్‌కు వేరే ఆయిల్ ఎందుకు?

అబిడ్స్ చౌరస్తాలో ఎర్రలైటు పడితే కారు ఇంజన్‌కు కాస్త విశ్రాంతి. నాంపల్లికి ఉత్తరాన, హుస్సేన్‌సాగర్‌లో లుంబినీ పార్కు నుంచి బుద్ధుడి విగ్రహం దాకా వెళ్లే మోటారు పడవకు ఆ సుఖం లేదు. కారు వేగం అందుకున్నాక చక్రాలు సులువుగా దొర్లుతాయి. పడవ మాత్రం కదిలినంతసేపూ నీళ్లను తోస్తూనే ఉండాలి.

పైగా చుట్టూ తేమ. ఇంజన్ చల్లబడినప్పుడు లోపలి గాలిలోని తేమ బొట్లుగా మారి తుప్పు పట్టిస్తుంది. అందుకే పడవ ఆయిల్‌లో తుప్పును అడ్డుకునే రసాయనాలు కలుపుతారు. నీటితో చల్లబడే ఫోర్‌స్ట్రోక్ పెట్రోల్ ఇంజన్‌కైతే డబ్బా మీద ‘ఎఫ్‌సీ-డబ్ల్యూ’ గుర్తు చూడాలి. టూస్ట్రోక్‌కు ‘టీసీ-డబ్ల్యూ3’. ఇది పెట్రోల్‌తో పాటే కాలిపోతుంది.

మరి ‘15డబ్ల్యూ-40’ అంటే? మొదటి అంకె తగ్గేకొద్దీ ఆయిల్ చలిలో తేలిగ్గా పారుతుంది. రెండోది 100 డిగ్రీల సెల్సియస్ వేడిలో ఎంత చిక్కగా ఉంటుందో చెబుతుంది. ఏది పోయాలో ఇంజన్‌తో వచ్చే పుస్తకంలోనే ఉంటుంది. ఎవరి సలహా కన్నా నేను దాన్నే నమ్ముతాను.

ఇక ఫిల్టర్. లోపల మడతలు మడతలుగా కాగితం. అది పూడుకుపోతే బైపాస్ వాల్వ్ తెరుచుకుని వడకట్టని ఆయిల్‌నే పంపుతుంది. అసలు ఆయిల్ అందకపోవడం కన్నా అదే నయం! ఆ వాల్వ్ ఎంత ఒత్తిడికి తెరుచుకోవాలన్నది అన్ని ఇంజన్లకూ ఒకటి కాదు. కాబట్టి మరలు సరిపోయాయని ఏదో ఒకటి బిగించకూడదు.

డీజిల్ పడవల్లో నీటిని వేరుచేసే ఫిల్టర్ కూడా ఉంటుంది. నీరు డీజిల్ కన్నా బరువు, అడుగున చేరుతుంది. దాన్ని డబ్బాలోకి దించాలి, చెరువులోకి కాదు.