గాజుపెట్టెలో సముద్రం

ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే జిల్లా మనది. వేసవి వస్తే బిందెలు బారులు తీరతాయి. అటువంటి కళ్యాణదుర్గంలో కూర్చుని సముద్రపు చేపల పెంపకం గురించి వ్రాస్తే నవ్వేవారుంటారు. అయినా గప్పీలూ, గోల్డ్‌ఫిష్‌లూ పెంచి చేయి తిరిగినవారికి, నారింజరంగు ఒంటిమీద తెల్లపట్టీలున్న క్లౌన్ ఫిష్ మీద ఎప్పుడో ఒకప్పుడు మనసు పోక తప్పదు. అందుకే ఈ నాలుగు మాటలు.

ముందుగా ఒక వింత. సముద్రపు చేపకు నీళ్ళలో ఉన్నా దాహమే! లీటరు సముద్రజలంలో సుమారు 35 గ్రాముల లవణాలుంటాయి. చేప నెత్తురులో ఉండేది అందులో దాదాపు మూడోవంతు. కనుక ఆస్మాసిస్ వల్ల దాని ఒంట్లోని నీరు ఎప్పుడూ బయటికి పోతూనే ఉంటుంది. ఆ లోటు తీర్చుకోవడానికి ఉప్పునీళ్ళే త్రాగి, ఎక్కువైన ఉప్పును మొప్పల ద్వారా బయటికి నెట్టేస్తుంది.

అయితే వంటింటి ఉప్పు కలిపితే సరిపోదా? సరిపోదు. అది దాదాపుగా సోడియం క్లోరైడే. సముద్రంలో మెగ్నీషియం, కాల్షియం, పొటాషియం, సల్ఫేటులు కూడా ఉన్నాయి. అన్నీ కలిపిన పొడిని పట్టణాల్లో అక్వేరియం దుకాణాలవాళ్ళు అమ్ముతారు. నూరు లీటర్ల తొట్టికి సుమారు మూడున్నర కిలోలు కావాలి. మన బోరునీళ్ళను మాత్రం నమ్మవద్దు. జిల్లాలో చాలాచోట్ల వాటిలో కాఠిన్యమూ, ఫ్లోరైడూ ఎక్కువే. ఆర్.ఓ. నీళ్ళు వాడాలి.

మన ఊళ్ళో అసలు కష్టం పొడిగాలితో వస్తుంది. తొట్టిలో రోజుకు లీటరు చొప్పున ఆవిరైతే పదిరోజులకు పది లీటర్లు పోతాయి, ఉప్పు మాత్రం అక్కడే ఉంటుంది. అంటే లీటరుకు 35 గ్రాములున్నది 39కి చేరువవుతుంది. చేప దాహం ఇంకా పెరుగుతుందన్నమాట. కాబట్టి అద్దంమీద గీత గీసుకుని, తగ్గినమేరకు రోజూ మంచినీళ్ళే పోయాలి, ఉప్పునీళ్ళు కాదు. ఇక ఎండల సంగతి. ఈ చేపలకు 25 నుంచి 27 డిగ్రీలు హాయి. నీళ్ళమీదికి చిన్న ఫ్యాను పెడితే మన కుండ చల్లబడినట్లే తొట్టీ రెండు మూడు డిగ్రీలు చల్లబడుతుంది. కానీ ఆవిరి కూడా అంతకంతా పెరుగుతుంది, చూసుకోండి! కరెంటు పోతే గాలి ఆడించడానికి బ్యాటరీ పంపు ఒకటి దగ్గరుంచుకోవాలి.

తొట్టి నింపిన రోజే చేపల్ని వదిలితే చచ్చిపోతాయి. వాటి విసర్జనలోని అమ్మోనియా విషం. దాన్ని మొదట నైట్రైటుగా, తర్వాత అంత హానిలేని నైట్రేటుగా మార్చే బాక్టీరియా రాళ్ళమీదా ఇసుకలోనూ స్థిరపడాలి. అందుకు నాలుగు నుంచి ఆరు వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుంది. ఓపిక లేనివారు ఈ జోలికి రాకపోవడమే మేలని నా అభిప్రాయం.

బ్రతికున్న పగడాలు మాత్రం కొనకండి. 2001లో వాటిని వన్యప్రాణి సంరక్షణ చట్టం ఒకటో షెడ్యూలులో చేర్చారు. చేపల్లో కూడా దిబ్బల నుంచి పట్టి తెచ్చినవాటికన్నా హేచరీలో పుట్టినవే మంచివి. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థవారు తమిళనాడులోని మండపంలో క్లౌన్ ఫిష్ పిల్లల్ని పుట్టించే పద్ధతి సాధించారు. తొట్టిలో పుట్టినది తొట్టికి అలవాటుపడే ఉంటుంది. ఒక జతతోనే మొదలుపెట్టండి. ఈ జాతిలో పెద్దది ఆడది. అది చనిపోతే మగదే ఆడదిగా మారుతుంది!

ఇంటి ఆర్.ఓ. యంత్రం లీటరు మంచినీటికి రెండు మూడు లీటర్లు బయటికి పారబోస్తుంది. వాటిని గిన్నెలు కడగడానికి పట్టుకోండి. తొట్టినుంచి తీసిన ఉప్పునీళ్ళను మాత్రం ఏ చెట్టు మొదట్లోనూ పోయవద్దు, నేల చవుడెక్కుతుంది. ట్యాంకరు కోసం ఎదురుచూసే నెలల్లో ఈ పని తలపెట్టకూడదు. కార్తీకమాసంలో తొట్టి నింపితే సంక్రాంతికి చేపలు తెచ్చుకోవచ్చు.